మొదటి నంబరు ఎవరికీ ఇవ్వొద్దు

నేను యంత్రాలకు పేర్లు పెట్టి బతికేవాణ్ణి. రాజమండ్రిలో మా కంపెనీ చిన్నది. ఐసు ఫ్యాక్టరీలకూ, చేపలూ రొయ్యలూ దాచే కోల్డ్ స్టోరేజీలకూ గోడకు బిగించే కంట్రోల్ పెట్టెలు తయారుచేస్తుంది. పెట్టెలో ఒక చిన్న కంప్యూటరు, అందులో ఒక ఆపరేటింగ్ సిస్టం. గదుల్లో చల్లదనం కొలిచే సెన్సర్లు, కంప్రెసర్లు, ఫ్యాన్లు అన్నీ వైర్లతో దానికి తగులుకుని ఉంటాయి. పెట్టె ఆన్ చేయగానే తనకు ఏమేం తగిలి ఉన్నాయో అది వెతుక్కుంటుంది. దొరికినవాటికి పేర్లు పెట్టే కోడు నా వంతు.

పేర్లు పెట్టడం కూడా ఒక పనేనా అని మా బంధువులు నవ్వుతారు. బారసాల పంతులుగారికైనా దక్షిణ తాంబూలాలు దక్కుతాయి, నీకేం దక్కుతుందిరా అని మా మేనమామ ఒకసారి అన్నాడు. నాకు నవ్వు రాలేదు. పేర్ల దగ్గర నాకు ముక్కుమీదే ఉంటుంది కోపం. మా కోడులో పాతవాళ్ళు వదిలిపోయిన పేర్లు చూస్తే ఎవరికైనా వస్తుంది. 'కొత్త సెన్సర్' అని ఒకటుంది, అది వచ్చి ఎన్నేళ్ళయిందో ఎవరికీ గుర్తులేదు. దానికో తమ్ముడు, 'కొత్త సెన్సర్ రెండు'. 'మెయిన్ ఫ్యాన్' అని రాసి ఉన్నది నిజానికి మూలన చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాను. ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు. పేరు వింటే ఆ వస్తువు ఏదో, ఎక్కడుందో తెలియాలి, దాని హోదాతో మనకు పనిలేదు అని మీటింగుల్లో గొంతు చించుకునేవాణ్ణి.

చివరికి మా టీమ్ లీడ్ విసిగిపోయి, "ఆ పద్ధతేదో మీరే రాసిపెట్టండి, ఇకనుంచి అందరం అదే పాటిద్దాం" అని నాకే అప్పజెప్పారు. ఆవిడ నాకన్నా తెలివైనవారు, తొందర తక్కువ మనిషి. రాయడం మొదలుపెట్టాక ఒక్కచోట ఆగిపోయాను. మా పాత పద్ధతి చాలా సాదా. పెట్టె ఆన్ చేయగానే మొదట పలికిన సెన్సర్ ఒకటి, తర్వాత పలికింది రెండు, ఆ తర్వాతది మూడు. పైన నడిచే ప్రోగ్రాములన్నిటికీ తెలిసింది ఈ నంబర్లే. మరి ఒకటో నంబరు సెన్సర్ పాడైపోతే ఆ నంబరు ఏం చేయాలి?

"మిగతావి ఒక్కో మెట్టు పైకి జరుగుతాయి, అంతే కదండీ" అన్నారు ఆవిడ. "వరసలో సందు ఉంటే బాగోదు. కస్టమరు చూసి, ఒకటో నంబరు ఏదండీ అని మనకే ఫోన్ చేస్తాడు."

ఆ మాటలోనూ న్యాయం ఉంది. ఆలోచించి చెప్తానన్నాను. ఆలోచించే వ్యవధి దొరకలేదు. ఆ చలికాలంలోనే మా అన్నయ్య పోయాడు.

మాది నరసాపురానికి దిగువన, గోదావరి సముద్రంలో కలిసే వైపు ఒక ఊరు. చేపల వేట మా కులవృత్తి. మేం ముగ్గురు అన్నదమ్ములం. ఆధార్ కార్డుల్లో ముగ్గురికీ లక్షణమైన పేర్లే ఉన్నాయి గానీ ఊళ్ళో వాటితో ఎవరికీ పనిలేదు. పెద్దోడు, నడిపోడు, చిన్నోడు. పుట్టిన వరసే పేరు. నేను నడిపోణ్ణి. రాజమండ్రి ఆఫీసులో నన్ను సార్ అన్నా, ఏవండీ అన్నా ఒక్క క్షణం ఆగి పలుకుతాను. నడిపోడా అంటే నిద్రలో కూడా పలుకుతాను.

నాన్న ఎప్పుడో పోయాడు. ఆయన తర్వాత బోటు అన్నయ్య నడిపాడు. చిన్నోడు మార్కెట్టుకు చేపలు తోలే వ్యాను చూసుకుంటాడు. సముద్రంలో అలలు మొదలవగానే వాంతులు చేసుకునే నన్ను మాత్రం చదువుకు వదిలేశారు. బోటు మీద రంగులతో రాయించిన అమ్మవారి పేరు ఒకటుంది, దాన్ని ఎవరూ పలకరు. ఒడ్డున అందరికీ అది పెద్దోడి బోటు. పెద్దోడి బోటుకు ఐసు, పెద్దోడి బోటుకు డీజిలు, పెద్దోడి బోటు చేప. నీళ్ళ మీద ఆ బోటు అన్నయ్యదైతే, ఒడ్డు మీద అది వదినది. ఐసు ఎంత ఎక్కించాలో, చిరిగిన వల ఎవరికిచ్చి బాగుచేయించాలో, వేలం దగ్గర ఎక్కడ ఆగాలో, ఎక్కడ మొండికెయ్యాలో అంతా ఆవిడే చూసేది. అయినా ఆవిడ చేతిమీదుగా జరిగే పనులన్నీ పెద్దోడి పేరునే జరిగేవి. ఆ సంగతి ఆవిడకూ కొత్తగా ఉండేది కాదు, మాకూ కాదు.

అన్నయ్యను సముద్రం తీసుకుపోలేదు. అన్నేళ్ళు తన మీద తిరిగినా అది అతన్ని ఏమీ చేయలేదు. షుగరు వదల్లేదు. కాలికి పుండు పడి, అది పైకి పాకి, ఆసుపత్రి మంచం మీద పోయాడు. నా పెళ్ళిలో నన్ను భుజాల మీద ఎత్తుకుని గంతులేసిన మనిషి ఆ మంచం మీద దుప్పటి కింద ఇంత అయిపోయాడు. దుఃఖం నాకు అక్కడ రాలేదు. ఇంటికొచ్చి, వాకిట్లో అతని రబ్బరు చెప్పులు చూశాక వచ్చింది.

పెద్దకర్మ నాడు మేనమామ నా భుజం మీద కొత్త కండువా వేశాడు. మా వాళ్ళలో అది ఆనవాయితీ. ఇంటికి పెద్ద లేకుండా ఒక్క పూట కూడా గడవకూడదని నమ్మకం.

"ఇకనించి ఈ ఇంటికి నువ్వేరా పెద్దోడివి" అన్నాడు మామయ్య, అందరికీ వినపడేలా.

అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "పెద్దోడా" అని ఏడ్చింది. ఆ పిలుపుకు పలక్కుండా ఉండటం ఏ కొడుకు వల్ల అవుతుంది? ఆఁ అమ్మా అన్నాను. చిన్నోడు కళ్ళు తుడుచుకుంటూనే, "మరి నేనెవర్ని మామయ్యా, నడిపోడినా చిన్నోడినా?" అని అడిగాడు. అంత ఏడుపులోనూ నలుగురు నవ్వారు. "నువ్వు నడిపోడివే" అన్నాడు మామయ్య. బస్సులో ఒకరు దిగిపోతే వెనకవాళ్ళు ఒక్కో సీటు ముందుకు జరిగినట్టు జరిగిపోయాం. ఇందులో ఎవరికీ దురుద్దేశం లేదు, ఆ మాట ముందే చెప్పాలి. ఆ పిలుపు నాకు లోపల కాస్త నచ్చింది కూడా.

తర్వాత ఫోన్లు మొదలయ్యాయి. మొదట బోటు నడిపే సరంగు చేశాడు. నాకు వరసకు బాబాయి. "పెద్దోడా, ఇంజను దగ్గర చప్పుడు తేడాగా ఉంది. ఎవర్ని పిలవమంటావు?" అన్నాడు. బాబాయ్, ఇంజను సంగతి నాకేం తెలుసు, వదిననడుగు అన్నాను. "ఆవిణ్ణెందుకులే ఇలాంటి టైములో ఇబ్బంది పెట్టడం" అన్నాడు. తర్వాత ఐసు ఫ్యాక్టరీ అతను చేశాడు. తర్వాత వల బాగుచేసే అతను. ఒక్కొక్కరికీ వదిన పేరే చెప్పాను. ఒక్కొక్కరూ ఆవిడ మీద జాలితోనే మాట్లాడారు, జాలితోనే ఆవిణ్ణి అడగడం మానేశారు. అడిగేదేదో చిన్నోణ్ణో, నన్నో అడిగేవారు. నేను ఆఫీసులో కూర్చుని, ఎప్పుడూ చూడని ఇంజను గురించి ఊఁ కొట్టేవాణ్ణి.

ఎండాకాలంలో, చేపలు గుడ్లు పెట్టే రోజులకని పెట్టే వేట నిషేధం వచ్చింది. బోట్లన్నీ ఒడ్డున లంగరేశారు. అప్పుడు మామయ్య ఫోన్ చేశాడు.

"భీమవరం పార్టీ ఒకటొచ్చింది, మన బోటుకి. మంచి బేరం. నిషేధం ఎత్తేలోగా అయిపోవాలంటున్నారు."

"కాగితాలు ఇంకా నాన్న పేరునే ఉన్నాయి కదా మామయ్యా."

"కాగితాలదేముందిరా, తర్వాత చూసుకుంటారు. పెద్దోడి బోటుకి పెద్దోడు ఊఁ అంటే చాలు కదా. మొగుడు పోయిన మనిషి బోటు పెట్టుకుని ఏం చేసుకుంటుంది? ఆ వచ్చిన డబ్బు ఆవిడ పేరున వేసేద్దాం."

చూద్దాంలే అన్నాను. మామయ్య దాన్ని ఊఁ కిందే జమకట్టుకున్నాడని నాకు తర్వాత తెలిసింది.

ఆ వారంలోనే ఆఫీసులో, ఆగిపోయిన నా ప్రశ్నకు జవాబు వెతుకుతూ ఒక పరీక్ష చేశాను. టేబుల్ మీద కంట్రోల్ పెట్టె పెట్టి, మూడు గదులకు మూడు సెన్సర్లు తగిలించాను. మొదటి గది సెన్సర్‌ను వేడినీళ్ళ గ్లాసులో ముంచి, పాడైన గది అనుకుని, దాని వైరు పీకేశాను. పెట్టె ఆపి మళ్ళీ ఆన్ చేశాను. తెర మీద 'మొదటి గది' అని ఆకుపచ్చ అక్షరాల్లో వచ్చింది. చల్లగా ఉంది, అంతా బాగుంది. అది రెండో గది చల్లదనం. రెండో సెన్సర్ ఒక మెట్టు పైకి జరిగి, ఒకటో నంబరు కింద పలుకుతోంది. గ్లాసులో వేడినీళ్ళు అలాగే ఉన్నాయి. నిజం గదైతే రొయ్యలు మెత్తబడి కుళ్ళుతూ ఉండేవి, తెర మాత్రం బాగుంది బాగుంది అంటూనే ఉండేది. చివరి నంబరు తెర మీదనుంచి తప్పుకుంది తప్ప, ఎర్ర అక్షరం ఎక్కడా లేదు. పైన ప్రోగ్రాములన్నీ ఒకటో నంబరును నమ్ముకున్నవి. ఒకటో నంబరు పిలిస్తే పలుకుతూనే ఉంది. పలికేది ఎవరో కనుక్కోవాలని వాటికి ఎవరూ నేర్పలేదు.

వైరు చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాను. నాకు వదిన గుర్తొచ్చింది. బయటికెళ్ళి ఫోన్ చేశాను.

"వదినా, బోటు అమ్మకం సంగతి నీతో మాట్లాడారా?"

"ఏ బోటు?"

"మన బోటే."

"నాకెవరూ చెప్పలేదు నడిపబ్బాయీ" అంది. తర్వాత, "మీరంతా అనుకున్నాక నేనేమంటాను" అంది. ఆ గొంతులో కోపం ఉన్నా బాగుండేది. ఊళ్ళో అందరూ నన్ను పెద్దోడన్నా, ఆవిడ ఒక్కతే ఆ మాట అనలేదని అప్పుడు తట్టింది. ఎలా అంటుంది? అది ఆవిడ మొగుడి పేరు.

ఆదివారం ఊరెళ్ళాను. కొవ్వూరు బ్రిడ్జి మీదనుంచి బస్సు నరసాపురం చేరేదాకా, ఏం మాట్లాడాలో మనసులో పేర్చుకుంటూనే ఉన్నాను. అమ్మ ఇంటి అరుగు మీద మామయ్య, చిన్నోడు, సరంగు బాబాయి కూర్చుని ఉన్నారు. అమ్మ గడప దగ్గర కూర్చుంది. పక్క వాకిట్లో వదిన ఎండుచేపలు తిరగేస్తోంది. పిలిస్తే అందే దూరమే, ఎవరూ పిలవలేదు.

"పార్టీ రేపొస్తారంట" అన్నాడు మామయ్య.

"ఆ బోటు ఎవరిది మామయ్యా?" అన్నాను.

"ఏంట్రా కొత్తగా? పెద్దోడిది."

"పెద్దోడెవరు?"

"నువ్వే కదా."

"నేను నడిపోణ్ణి. పెద్దోడు పోయాడు. ఆ పేరు మీద జరిగే పనులన్నీ వదిన చేతిలోవి. మీరు పేరొక్కటీ తెచ్చి నాకు తగిలించారు, దాంతోపాటు బోటు కూడా నాకే తగులుకుంది. నేనేమో సముద్రం చూస్తే కక్కుకునేవాణ్ణి. ఆ పేరు నాకొద్దు. చిన్నోడికీ ఇవ్వొద్దు. ఖాళీగా ఉండనివ్వండి."

"ఇంటికి పెద్దోడు లేకపోతే ఎలాగరా? నలుగురూ ఏమనుకుంటారు?"

"లేడనే అనుకోవాలి. ఉన్నాడనుకోబట్టే కదా ఎవరూ వదిన్ని అడగలేదు."

మామయ్యకు కోపం వచ్చింది. తను ఎవరి మంచి కోసం చేస్తున్నాడో చెప్పుకొచ్చాడు. అది అబద్ధం కూడా కాదు. సరంగు బాబాయి తల గోక్కుని, "మరి ఇంజను సంగతి ఆవిణ్ణే అడిగేస్తానయితే" అన్నాడు. చిన్నోడు తల దించుకుని, "నాక్కూడా నడిపోడా అంటే పలకబుద్ధి కావట్లేదన్నయ్యా" అన్నాడు.

అప్పటిదాకా మాట్లాడని అమ్మ గడప దగ్గరనుంచి అంది. "మరి నేను ఎవర్ని పిలవనురా?"

బస్సులో పేర్చుకున్న మాటల్లో ఇది లేదు. పొద్దున్న లేచి మొదట పిలిచే పేరు, అన్నానికి మొదట పిలిచే పేరు, బోటు ఒడ్డుకొస్తుంటే గట్టుమీద నిలబడి పిలిచే పేరు ఆవిడకు అదొక్కటే. దానికి నేను పలికితే ఆవిడకు ఒక కొడుకు మిగిలినట్టుండేది. ఆ మిగిలింది కూడా నా నోటితో నేనే లాగేశాను. వెళ్ళి కాళ్ళ దగ్గర కూర్చున్నాను. ఆవిడ నా తల మీద చెయ్యి వెయ్యలేదు.

వదిన చేపలు తిరగెయ్యడం ఆపి లేచి వచ్చింది. నాకు దణ్ణం పెడుతుందనో, ఏడుస్తుందనో అనుకున్న వాళ్ళున్నారేమో. ఆవిడ, తనకు బాబాయి వరసయ్యే మామయ్యకేసి చూసి, "ఈ ఏడు బోటు అమ్మను బాబాయ్. వచ్చేఏడు సంగతి వచ్చేఏడు. అమ్మాలనిపిస్తే నేనే చెప్తాను, అప్పుడు మీరే బేరం చూద్దురు గాని" అంది. తర్వాత సరంగుతో ఇంజను చప్పుడు ఎటువైపునుంచి వస్తోందో అడగడం మొదలుపెట్టింది.

రాజమండ్రి వచ్చి నా పద్ధతి రాసేశాను. పేరు వరసను బట్టి కాదు, చోటును బట్టి పెట్టాలి. పెట్టెలో ఏ సాకెట్‌కు తగిలితే ఆ సాకెట్ పేరు, దాని పక్కన ఏ గదో ఆ గది పేరు. ప్రైమరీ, మెయిన్, కొత్త, పాత లాంటి మాటలు వద్దు. ఒకటి పలకడం మానేస్తే దాని పేరు ఇంకొకదానికి ఇవ్వకూడదు. తెర మీద ఆ చోట 'లేదు' అని ఎర్రగా రావాలి. మనిషి వచ్చి చూసి, ఇదిగో కొత్తది అని చెప్పేదాకా అలాగే ఉండాలి.

టీమ్ లీడ్ చదివి, "ఫోన్లు ఎక్కువొస్తాయండి" అన్నారు.

"రావాలండి" అన్నాను. "మొదటి గదిలో ఏదో పోయిందని వాళ్ళకు తెలియాలి. ఫోను రాలేదంటే ఇంకా తెలియలేదని."

ఆవిడకు మా ఇంట్లో చావు సంగతి తెలుసు, మిగతాది తెలియదు. నా ముఖం చూసి, సరే పరీక్షించి చూద్దాం అన్నారు. ఆ పద్ధతిలో వాదించడానికి ఇంకా చాలా ఉంది. సాకెట్టే పాడైతే ఏం చేస్తారు అని మావాళ్ళు ఇప్పటికీ పోట్లాడుతున్నారు. మంచిదే. కోడులో ఒక మాట రాసి, అది సరైనదని నిరూపించవచ్చు. ఇంట్లో అలా కుదరలేదు. ఆ ఆదివారం తర్వాత అమ్మ ఎవర్నీ పిలవడం మానేసింది. అన్నం వండి, ఒక్కొక్క వాకిలి దగ్గరికీ నడిచి వెళ్ళి, వండానని చెప్పి వచ్చేదట. గొంతెత్తి పిలిచే మనిషి, ఊరు సగం వినేలా పిలిచే మనిషి. చిన్నోడు ఆ సంగతి ఫోన్లో చెప్తే, ఆ ఒక్క పిలుపుకు పలికి ఊరుకుని ఉంటే ఏం పోయేది అని నాకు చాలాసార్లు అనిపించింది. వదిన ఇంటికి వెళ్ళి చూస్తే, లేదు, పోయేదే అనిపించేది. రెండూ నిజమే. దేన్నీ కొట్టేయలేను.

నిషేధం ఎత్తేసిన రోజు సెలవు పెట్టి వెళ్ళాను. ఒడ్డంతా జనం. పసుపు నీళ్ళు, కొబ్బరికాయలు, డీజిలు వాసన. సరంగు బాబాయి ఇంజను తిప్పి చూసి, వదినకేసి చూసి చెయ్యెత్తాడు. వదిన ఐసు మూటలు ఎక్కించేవాళ్ళ మీద అరుస్తోంది. నేనూ చిన్నోడూ మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడి బోటుకు భుజం ఆనించాం. అమ్మ గట్టు మీద నిలబడి ఉంది. రానంటే, వదినే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. బోటు కదిలింది.

"పెద్దోడా! నీళ్ళ డబ్బా ఎక్కించావురా?"

అమ్మ గొంతే. ఎన్నో వారాల తర్వాత, ఎప్పటిలా, గోదారి అవతలికి వినపడేలా. అలవాటుకొద్దీ వచ్చేసింది. వచ్చాక తనకే తెలిసి, చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చిన్నోడు నా ముఖం చూశాడు. నా నాలుక చివరిదాకా వచ్చింది ఆఁ అమ్మా అని. పళ్ళు బిగబట్టి, బోటును తోస్తూనే ఉన్నాను.

"ఎక్కించానత్తా" అంది వదిన, ఐసు మూటల మధ్యనుంచి.

అమ్మ చాలాసేపు ఆవిడకేసే చూసింది. తర్వాత చెంగు దించి, "కొత్తావకాయ కూడానా?" అని అరిచింది.

"అదీ పెట్టానత్తా."